మద్దెల నిజంగానే ఓడు, సరే… మరి ఆట సంగతి?

(హైదరాబాద్ లో ఫార్ములా వన్ అభిమానులం కలిసినప్పుడు, ఇంజిన్ టెస్టింగ్ లో పనిచేసిన ఒక అన్న మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాటే.)

నమస్తే అందరికీ. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి వచ్చేయండి, ఈ రెండు వరసలూ ఖాళీయే, నేనేం ప్రశ్నలు అడగను భయపడకండి. మైకు వినబడుతోందా అక్కడికి? సరే.

2015 సెప్టెంబర్ 27. ఆదివారం. ఆ డేట్ ఎవరికైనా గుర్తుందా? హైదరాబాద్ వాళ్ళకి గుర్తుండాలి, ఆ రోజు నిమజ్జనం. మేం అయిదుగురం దిల్ సుఖ్ నగర్ లో రెండో అంతస్తు రూమ్ లో ఉన్నాం, పొద్దున్న పదిన్నరకి జపాన్ గ్రాండ్ ప్రి, సుజుకాలో. కింద రోడ్డు మీద తీన్మార్ మొదలైపోయింది, కిటికీ అద్దాలు అదురుతున్నాయి, టీవీ సౌండు ఫుల్ పెట్టినా కామెంటరీ ముక్క ముక్కలుగా వినబడుతోంది. మాలో ఒకడు కర్నూలు వాడు, డ్రైవర్ ఆలొన్సో భక్తుడు, భక్తుడంటే మామూలు భక్తుడు కాదు, ఆలొన్సో ఫెరారీ వదిలేస్తే వీడు కూడా ఎరుపు టీషర్ట్ వదిలేసిన రకం. ఇంకొకడు విజయవాడ వాడు. వాడికి ఆలొన్సో లేడు గీలొన్సో లేడు, వాడికి హోండా అంటే ప్రాణం. ఎందుకంటే వాళ్ళ నాన్న హీరో హోండా స్ప్లెండర్ పద్దెనిమిదేళ్ళు నడిపాడు, ఇంజిన్ ఒక్కసారి కూడా విప్పలేదంట. "హోండా ఇంజిన్ పాడవడం ఏంట్రా, ఆయిల్ మారిస్తే మనిషి కంటే ఎక్కువ బతుకుద్ది" అనేవాడు. మన ఇళ్ళల్లో హోండా అంటే అది కదా. ఔనా కాదా?

అలాంటి వాడి ఎదురుగా, టీవీలో, మెక్‌లారెన్ టీం లో హోండా ఇంజిన్ తో నడుస్తున్న ఆలొన్సో కారుని స్ట్రెయిట్ మీద, అంటే మలుపుల్లేని దారి మీద, మాక్స్ వెర్‌స్టాపెన్ టోరో రోసో కారు (రెడ్ బుల్ వాళ్ళ రెండో టీం అది) దాటేసి పోయింది. అప్పుడు డ్రైవర్ టీంతో మాట్లాడే రేడియోలో వచ్చింది ఆలొన్సో అరుపు. "జీపీ2 ఇంజిన్! జీపీ2! ఆర్‌ర్‌ర్!" అని. జీపీ2 అంటే తెలుసు కదా, ఇప్పుడు ఫార్ములా 2 అంటున్నాం, ఎఫ్ వన్ కింద మెట్టు. అంటే రంజీ మ్యాచ్ బ్యాట్ ఇచ్చి వరల్డ్ కప్ ఆడమన్నారు అని అన్నట్టు.

ఇప్పుడు ఇక్కడ ఒక విషయం చూడండి. సుజుకా ట్రాక్ ఎవరిది? హోండాది. వాళ్ళు కట్టుకున్నది, వాళ్ళ సొంతం. స్టాండ్స్ లో హోండా ఉద్యోగులు, పెద్దలు. అంటే పెళ్ళివారింట్లో భోజనానికి కూర్చుని, పప్పులో ఉప్పు లేదని పక్కవాడి చెవిలో చెప్పడం కాదు, సన్నాయి వాళ్ళ మైకు లాక్కుని చెప్పడం అన్నమాట. తర్వాత్తర్వాత ఆలొన్సో అది నేనూ మా ఇంజినీరూ మాట్లాడుకున్న మాట, బయటికి రావాల్సింది కాదు అన్నాడు. సరే, రేడియో టీవీలో వేస్తారని తెలియని కుర్రాడా ఆలొన్సో? రెండుసార్లు వరల్డ్ చాంపియన్ బాబూ. 2005, 2006. ఆయనకి తెలియకుండా ఏదీ జరగదు.

మా రూమ్ లో ఆ రోజు మొదలైన గొడవ మూడేళ్ళు నడిచింది. కర్నూలు వాడేమో "దేవుడిలాంటి డ్రైవర్ కి డొక్కు ఇంజిన్ ఇచ్చి చంపుతున్నారు" అని. విజయవాడ వాడేమో "ఆడలేక మద్దెల ఓడు, వీడు ఎక్కడికి పోయినా అంతే, టీముని చెడగొట్టి వస్తాడు" అని. నేను మధ్యలో. అప్పటికి నేను ఇంజిన్ టెస్ట్ బెడ్ మీద, అంటే బండిలో పెట్టకముందు ఇంజిన్ ని ఒంటరిగా నడిపి చూసే చోట, పని చేస్తున్నా, కాబట్టి ఇద్దరూ నా వైపు తిరిగి నువ్వు చెప్పు నువ్వు చెప్పు అనేవాళ్ళు. అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తా. మద్దెల ఓడే. నిజంగా ఓడు. అందులో డౌట్ లేదు. కానీ ఆ మద్దెలని అంత సన్నగా చెక్కమన్నది ఎవరు, ఆ ఆట ఆడేవాళ్ళ అడుగులు సరిగ్గా పడ్డాయా, ఈ రెండూ మనం అడగలేదు. మద్దెల మోత వినబడుతుంది కదా, అడుగులు వినబడవు.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1988. మెక్‌లారెన్ హోండా. 16 రేసులు, 15 గెలిచారు. డ్రైవర్లు సెన్నా, ప్రోస్ట్. 88 నుంచి 91 దాకా వరసగా నాలుగేళ్ళు టీం చాంపియన్‌షిప్ వీళ్ళదే. ఆ పేరు వింటేనే పాతవాళ్ళకి కళ్ళల్లో నీళ్ళు వస్తాయి. తర్వాత హోండా వెళ్ళిపోయింది, మళ్ళీ వచ్చింది, సొంత టీం పెట్టింది, 2008 చివర్లో డబ్బుల గొడవ ప్రపంచమంతా వచ్చినప్పుడు టీముని వదిలేసి పోయింది. ఆ వదిలేసిన టీమే మరుసటేడు బ్రాన్ జీపీ పేరుతో చాంపియన్ అయింది, అది వేరే బాధ. ఆ టీమే తర్వాత మెర్సిడెస్ అయింది, అది ఇంకా పెద్ద బాధ.

2013 మే నెలలో అనౌన్స్ చేశారు, హోండా మళ్ళీ వస్తోంది, 2015 నుంచి మెక్‌లారెన్ కి ఇంజిన్ ఇస్తుంది అని. అందరం ఎగిరి గంతేశాం. ఇల్లు అలకగానే పండగ అనుకున్నాం. మెక్‌లారెన్ పెద్ద రాన్ డెనిస్ లెక్క ఒకటి ఉండేది అప్పుడు, డబ్బులిచ్చి కొనుక్కున్న కస్టమర్ ఇంజిన్ తో చాంపియన్‌షిప్ గెలవలేం, మనకంటూ ఒక కంపెనీ ఉండాలి అని. ఆ లెక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తా దాని దగ్గరికి.

ఇప్పుడు ఇంజిన్. కామర్స్ వాళ్ళు కంగారు పడకండి, ఈక్వేషన్లు లేవు.

2014 నుంచి ఎఫ్ వన్ లో 1.6 లీటర్ వీ6 టర్బో హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజిన్ కి కరెంటు తోడు. నేను చెప్పేది 2025 దాకా నడిచిన పద్ధతి. మొదట్లో రేస్ మొత్తానికి 100 కేజీల పెట్రోలు, అంతే. ఇంజిన్ కి తోడుగా రెండు మోటార్లు ఉండేవి. ఒకటి ఎంజీయూ-కే, బ్రేకులేసినప్పుడు కరెంటు తీసుకునేది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు 120 కిలోవాట్లు, అంటే సుమారు 160 హార్స్ పవర్ ఇచ్చేది. రెండోది ఎంజీయూ-హెచ్, టర్బో షాఫ్ట్ మీద కూర్చునేది. సైలెన్సర్ లోంచి వేస్ట్ గా పోయే వేడి గాలి టర్బోని తిప్పుతుంది కదా, ఆ తిరుగుడు నుంచి కరెంటు లాగేది. అసలు కిటుకు ఇక్కడుంది. బ్రేకుల నుంచి తీసుకునే కరెంటుకి, బ్యాటరీ నుంచి ఇచ్చే కరెంటుకి ల్యాపుకి, అంటే ట్రాక్ చుట్టూ ఒక రౌండుకి, ఇంత అని లిమిట్ ఉండేది. ఈ హెచ్ కి లిమిట్ లేదు! ఎంత లాగితే అంత, లాగింది లాగినట్టు నేరుగా కే మోటార్ కి పంపొచ్చు. అంటే ఎవడి హెచ్ బాగుంటే వాడికి స్ట్రెయిట్ చివరి దాకా ఆ 160 గుర్రాలు ఉండేవి. ఎవడిది బాగోలేదో వాడికి స్ట్రెయిట్ మధ్యలో గుర్రాలు దిగి వెళ్ళిపోయేవి.

మీలో ఎంతమంది 2023 ఫిబ్రవరిలో కరెంటు కార్ల రేస్, ఫార్ములా ఈ, చూడ్డానికి హుస్సేన్ సాగర్ దగ్గరికి వెళ్ళారు? ఓ, చాలామందే. ఆ రోజు స్క్రీన్ మీద ప్రతి కారుకీ బ్యాటరీ పర్సెంటేజ్ వేశారు కదా, చివరి ల్యాపుల్లో ఎవడికెంత మిగిలిందా అని అందరం అదే చూశాం. అదే లెక్క. కాకపోతే ఫార్ములా ఈ లో రేస్ మొత్తానికి కూడబెట్టుకుంటారు, ఇక్కడ ప్రతి స్ట్రెయిట్ కీ ఆ లెక్కే.

సరే, హోండాకి ఈ హెచ్ ఎందుకు బాగోలేదు? తెలివి లేకా? కాదు. మెర్సిడెస్ వాళ్ళు 2014 లో ఏం చేశారు, టర్బోని రెండు ముక్కలు చేసి గాలిని నొక్కి లోపలికి పంపే కంప్రెసర్ ఇంజిన్ ముందు పెట్టారు, వేడి గాలికి తిరిగే టర్బైన్ వెనక పెట్టారు, మధ్యలో పొడుగు షాఫ్ట్. కాబట్టి ఎంత పెద్దది కావాలంటే అంత పెద్దది పెట్టుకోవచ్చు. మెక్‌లారెన్ కి మాత్రం కారు వెనక భాగం సన్నగా కావాలి, చాలా సన్నగా, గాలి అతుక్కుని జారిపోవాలి. రెడ్ బుల్ నుంచి వచ్చిన పీటర్ ప్రోడ్రొమూ అప్పుడు ఏరో, అంటే కారు మీద గాలి పోకడ, చూసుకుంటున్నాడు, రెడ్ బుల్ వాళ్ళ టేస్ట్ అది. దానికి పేరు కూడా పెట్టుకున్నారు, సైజ్ జీరో అని. హీరోయిన్ల డైట్ పేరు లాగా. ఆ సైజ్ జీరో కోసం హోండా వాళ్ళు కంప్రెసర్ ని ఇంజిన్ రెండు వరసల సిలిండర్ల మధ్య, ఆ వీ ఆకారం సందులో కుక్కారు. సందు ఎంత? ఇంతే. ఇంత సందులో పట్టాలంటే టర్బో చిన్నది అవ్వాలి. చిన్నది అయితే ఇంకా స్పీడ్ గా తిరగాలి, వేడెక్కుతుంది, హెచ్ కి చాలినంత కరెంటు రాదు. అంతే కథ. ఆలొన్సో స్ట్రెయిట్ మధ్యలో అరిచాడు చూశారూ, ఆ అరుపు పుట్టింది సుజుకాలో కాదు, ఏడాదిన్నర ముందు డ్రాయింగ్ మీద.

నా సొంత అనుభవం ఒకటి చెప్తా, కంపెనీ పేరు అడగొద్దు. నా మొదటి ఉద్యోగం చిన్న డీజిల్ ఇంజిన్ టెస్టింగ్. బెడ్ మీద కూర్చోబెట్టి రాత్రీ పగలూ నడిపాం దాన్ని, చుక్క ఆయిల్ కారలేదు, ప్రెజర్ గీత గీసినట్టు నిలబడింది. చాయ్ గ్లాసు ఇంజిన్ మీద పెట్టి తాగేవాళ్ళం, నవ్వకండి, నిజం. దాన్ని బండిలో పెట్టి శ్రీశైలం ఘాట్ ఎక్కించారు. దోర్నాల దాటి నాలుగు మలుపులు తిరిగిందో లేదో ఆయిల్ ప్రెజర్ లైటు వెలిగింది. మలుపు తిరిగినప్పుడల్లా వెలుగుతుంది, స్ట్రెయిట్ కాగానే ఆరిపోతుంది. ఎందుకూ అంటే బండి వాళ్ళు, కింద క్లియరెన్స్ కావాలి, మీ ఆయిల్ సంప్, అంటే కింద ఆయిల్ నిలిచే తొట్టి, లోతు తగ్గించండి అన్నారు, మేం తగ్గించాం. లోతు తక్కువైతే మలుపులో ఆయిల్ అంతా ఒక పక్కకి పోతుంది, పంపు గాలి పీలుస్తుంది. బెడ్ మీద ఇంజిన్ మలుపు తిరగదు కదా! మరి మీటింగ్ లో ఏమన్నారు? "ఇంజిన్ డిపార్ట్‌మెంట్ ఫెయిల్యూర్." బోర్డు మీద ఎర్ర పెన్నుతో రాశారు. సంప్ తగ్గించమని రాసిన మెయిల్ నా దగ్గర ప్రింట్ ఉంది, జేబులోనే ఉంది, మా మేనేజర్ టేబుల్ కింద నుంచి నా మోకాలు నొక్కాడు, తియ్యొద్దు అని.

అందుకే 2017 లో బార్సిలోనా టెస్ట్ మొదటి రోజు మెక్‌లారెన్ ఒక్క ల్యాప్ వేసి ఆగిపోయి, హోండా ఎఫ్ వన్ పెద్ద హసెగావా గారు వచ్చి ఆయిల్ ట్యాంక్ ప్రాబ్లం, దీన్ని బెంచ్ మీద పూర్తిగా పరీక్షించలేం అన్నప్పుడు, మా రూమ్ లో అందరూ నవ్వారు, నేను నవ్వలేదు.

సారీ, మధ్యలో 2017 కి వెళ్ళిపోయా. మళ్ళీ 2015. హెరెజ్ లో మొదటి టెస్ట్, నాలుగు రోజులు. మెర్సిడెస్ 500 పైన ల్యాపులు తిరిగింది, మెక్‌లారెన్ 100 కూడా తిరగలేదు. రెండో టెస్ట్ లో ఆలొన్సో గోడని గుద్ది ఆస్పత్రి పాలయ్యాడు, మెల్‌బోర్న్ రేసుకి రాలేదు. ఆయన సీట్లో రిజర్వ్ డ్రైవర్ మాగ్నుసెన్ కూర్చుంటే గ్రిడ్ దాకా, అంటే స్టార్ట్ కి కార్లు నిలబడే చోటు దాకా, వెళ్ళకముందే ఇంజిన్ పోయింది. టీంలో రెండో డ్రైవర్ బటన్ 11వ ప్లేస్. 11 అంటే బానే ఉందే అనుకుంటున్నారా, రేస్ పూర్తిచేసి చెకర్డ్ ఫ్లాగ్ చూసింది 11 మందే.

బెల్జియంలో స్పా ట్రాక్ లో అయితే ఇంజిన్ పార్టులు మార్చినందుకు ఇద్దరికీ కలిపి 105 గ్రిడ్ స్థానాలు పెనాల్టీ. గ్రిడ్ మీద ఉన్నవే 20 కార్లు! 105 స్థానాలు వెనక్కి అంటే ఎక్కడ నిలబెట్టాలి, పక్క ఊళ్ళో నిలబెట్టాలి. హంగరీలో క్వాలిఫయింగ్ మధ్యలో కారు ఆగిపోతే ఆలొన్సో హెల్మెట్ తో, ఆ ఎండలో, పెట్రోలు అయిపోయిన బజాజ్ చేతక్ ని మనవాళ్ళు తోసుకెళ్ళినట్టు తోసుకుంటూ పిట్ దాకా వచ్చాడు. మరుసటి రోజు అదే కారులో 5వ స్థానం. అదే ఆ ఏడాదికి వాళ్ళ బెస్ట్. బ్రెజిల్ లో మళ్ళీ ఆగిపోయింది, ఈసారి తోయలేదు, ట్రాక్ పక్కన కుర్చీ ఒకటి కనబడితే కూర్చుని ఎండకి మొహం పెట్టాడు. ఆ ఫోటో మీ అందరి ఫోన్లలో ఉంది నాకు తెలుసు. సోమవారం ఆఫీసులో మనం పెట్టుకునే ఫోటో అది.

ఏడాది చివరికి టీం 9వ స్థానం, 27 పాయింట్లు. అందులో ఆలొన్సోవి 11, బటన్ వి 16. ఇది కర్నూలు వాడికి చెప్తే వినడు. అదే కారు, అదే ఇంజిన్, బటన్ అరవలేదు, నవ్వుకుంటూ పాయింట్లు ఎక్కువ తెచ్చాడు. అయితే ఆలొన్సో తప్పా? నేను అలా అనను. కోపం తెచ్చుకునే హక్కు ఆయనకుంది. 2013 మేలో స్పెయిన్ లో గెలిచాక మళ్ళీ గెలుపు లేదు, వయసు పోతోంది, మెర్సిడెస్ సీట్లు ఖాళీ లేవు. కోపం రాదా? మనకి ఆఫీసులో లాప్‌టాప్ హ్యాంగ్ అయితేనే వస్తుంది.

ఎవరో అడుగుతున్నారు… మరి హోండా త్వరగా బాగు చేసుకోవచ్చు కదా అని. మంచి ప్రశ్న తమ్ముడూ. అప్పట్లో టోకెన్లు ఉండేవి, ఇంజిన్ లో ఇన్ని మార్పులకే పర్మిషన్ అని. తప్పు దిద్దుకుందామన్నా రేషన్ కార్డు. ఇంకోటి, మెర్సిడెస్ ఇంజిన్ ఎన్ని కార్లలో తిరుగుతోంది 2015 లో? నాలుగు టీములు, ఎనిమిది కార్లు. హోండా ఇంజిన్? రెండు. అందులో ఒకటి పక్కన ఆగి ఉంటుంది. డేటా ఎక్కడ నుంచి వస్తుంది? ఆ ఏడాది రెడ్ బుల్ కి రెనో తో గొడవై ఇంజిన్ కోసం తలుపు తలుపూ కొడుతూ హోండా దగ్గరికీ వచ్చింది. రాన్ డెనిస్ ఒప్పుకోలేదు, హోండా మాకొక్కళ్ళకే అన్నాడు. అంటే నేర్చుకునే కుర్రాడికి ట్యూషన్ కూడా వద్దన్నాడు.

2016 కొంచెం బెటర్. టర్బో కాస్త పెంచారు, 76 పాయింట్లు, 6వ స్థానం. అంతకంటే చెప్పడానికేం లేదు.

2017 లో మొత్తం మార్చేశారు, మెర్సిడెస్ లాగే టర్బోని విడదీశారు. కొత్త ఇంజిన్, మళ్ళీ మొదటికి. ఆలొన్సో టెస్టింగ్ లోనే చెప్పాడు, ప్రతి స్ట్రెయిట్ మీదా గంటకి 30 కిలోమీటర్లు తక్కువ పోతున్నాం అని. బెంచ్ మీద లేని వైబ్రేషన్ గేర్‌బాక్స్ తగిలించి కారులో పెట్టగానే వచ్చింది. బహ్రెయిన్ లో టీంలో ఇంకో డ్రైవర్ వాండూర్న్ కారు స్టార్ట్ కూడా అవ్వలేదు, ఆలొన్సో రేడియోలో నా జీవితంలో ఇంత తక్కువ పవర్ తో రేస్ చెయ్యలేదు అన్నాడు. రష్యాలో రేస్ మొదలయ్యే ముందు వేసే ఫార్మేషన్ ల్యాపులోనే ఆగిపోయాడు. మొనాకో రేసు వదిలేసి అమెరికా పోయి అక్కడి పెద్ద రేసు ఇండీ 500 ఆడాడు, 27 ల్యాపులు లీడ్ చేశాడు, ఇంకో 21 ల్యాపులుండగా పొగ. ఏ ఇంజిన్? హోండా! మా కర్నూలు వాడు రిమోట్ విసిరేశాడు, అది బాల్కనీ లోంచి కింద మెస్ రేకుల మీద పడింది. కానీ ఆ రోజు గెలిచింది ఎవరు? టకుమా సాటో. ఏ టీం? ఆలొన్సో నడిపిన ఆండ్రెట్టి టీమే. ఏ ఇంజిన్? అదే హోండా. విజయవాడ వాడు ఏమీ అనలేదు. కిందకెళ్ళి రిమోట్ తెచ్చి ఇచ్చాడు. అంతే.

స్పా 2017 గురించి చెప్పకుండా పోతే మీరు ఊరుకోరు. ఆలొన్సో ఏడో స్థానం దాకా వచ్చి, ఒక్కొక్కళ్ళూ స్ట్రెయిట్ మీద దాటేస్తుంటే, రేడియోలో వాన వస్తుందా అని అడిగాడు. రాదన్నారు. కాసేపటికి ఇంజిన్ ప్రాబ్లం అని పిట్ లోకి తెచ్చేశాడు. హోండా వాళ్ళు డేటాలో మాకే సమస్యా కనబడలేదు అన్నారు. నిజంగా ఏదో అనిపించిందా, విసుగొచ్చి ఆపేశాడా? ఈ హాల్లో నలభై మంది ఉంటే ఇరవై ఇరవై చీలిపోతారు. నా మటుకు నాకు, మనిషి విసిగిపోయాడు, అనిపిస్తుంది. డేటాలో లేనిది డ్రైవర్ కి అనిపించడం నేను చాలాసార్లు చూశాను, నిజమైనవీ చూశాను, ఉత్తవీ చూశాను.

ఇప్పుడు అసలు పాయింట్ కి వస్తున్నా. ఆ మూడేళ్ళూ మెక్‌లారెన్ చెప్పింది ఏంటి? మా చాసీ, అంటే ఇంజిన్ కాని మిగతా కారంతా, టాప్, కార్నర్లలో మేం ఎవరికీ తీసిపోం, ఆ ఇంజిన్ ఒక్కటే, అని. మనం నమ్మాం. నేనూ నమ్మాను. హంగరీ లాంటి మెలికల ట్రాక్ లో 2017 లో 6వ స్థానం, పైగా ఫాస్టెస్ట్ ల్యాప్ కూడా కొట్టాడు, చూశారా ఇంజిన్ అక్కర్లేని చోట మేం ఎంత ఫాస్టో అన్నారు.

ఇక్కడే మనం మోసపోయాం. టాప్ స్పీడ్ తక్కువుంటే పవర్ తక్కువనే కాదు అర్థం. మీరెప్పుడైనా బైక్ వెనక సీట్లో ప్లైవుడ్ షీట్ పట్టుకుని కూర్చున్నవాణ్ణి చూశారా? షీట్ అడ్డంగా పట్టుకుంటే ఆ బండి ఎంత గింజుకున్నా నలభై దాటదు. వెనకొచ్చే లూనా కూడా దాటేస్తుంది. ఇంజిన్ డొక్కుదా? షీట్ తీసేసి నడిపితే గానీ తెలీదు. కారులో గాలికి అడ్డు, డ్రాగ్, కూడా అలాగే. స్ట్రెయిట్ మీద వెనకబడితే పవర్ లేకా, అడ్డు ఎక్కువయ్యా అన్నది టీవీలో చూసేవాడికి కనబడదు. మెలికల ట్రాక్ లో ఎలాగూ అందరూ వింగులు నిండుగా పెట్టుకుంటారు కాబట్టి అక్కడ నీ కారులో ఉన్న అడ్డు దాక్కుంటుంది.

2017 సెప్టెంబర్ లో విడాకులు. మెక్‌లారెన్ రెనో కి, హోండా టోరో రోసో కి. 2018 మెల్‌బోర్న్ లో రెనో ఇంజిన్ తో ఆలొన్సో 5వ స్థానం, రేడియోలో ఇప్పుడు మనం పోరాడగలం అన్నాడు. కర్నూలు వాడు ఆ రోజు బిర్యానీ పెట్టించాడు. రెండు వారాలకి బహ్రెయిన్. టోరో రోసో హోండా, డ్రైవర్ గాస్లీ, 4వ స్థానం. ఆలొన్సో 7. గాస్లీ కూడా రేడియోలో అదే మాట, ఇప్పుడు మనం పోరాడగలం! విజయవాడ వాడు బిర్యానీ పెట్టించలేదు గానీ, మిరపకాయ బజ్జీలు తెచ్చి సరిగ్గా ఏడు లెక్కపెట్టి వాడి ప్లేట్లో వేశాడు.

ఇంకా చూడండి. 2018 లో రెడ్ బుల్ దీ రెనో ఇంజినే. అదే ఇంజిన్, అదే ఫ్యాక్టరీ. రెడ్ బుల్ నాలుగు రేసులు గెలిచింది. మెక్‌లారెన్? ఒక్క పోడియం, అంటే మొదటి మూడు స్థానాల్లో ఒక్కటి కూడా, లేదు, ఆ మెల్‌బోర్న్ 5వ స్థానమే బెస్ట్. షీట్ తీసేసి నడిపితే తెలిసింది, బండి సంగతి. టీం రేసింగ్ డైరెక్టర్ బూలియే జులైలో రాజీనామా చేశాడు. ఆలొన్సో ఏడాది చివర్లో వెళ్ళిపోయాడు. మూడేళ్ళు ఇంజిన్ ని తిట్టుకుంటూ కూర్చోవడం వల్ల మెక్‌లారెన్ పోగొట్టుకున్నది రేసులు కాదు, తన కారులో ఏముందో తెలుసుకునే అవకాశం. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే దుత్త పగిలింది, అత్త అలాగే ఉంది.

మరి హోండా గొప్పదా? అలా అని కూడా నేను చెప్పట్లేదు, విజయవాడ వాడు ఇక్కడ ఉంటే సంతోషించేవాడు గానీ. 2015 ఇంజిన్ చెత్త, 2017 ఇంజిన్ ఇంకా చెత్త. సైజ్ జీరో అడిగితే కుదరదు అని చెప్పాల్సిన బాధ్యత ఇంజిన్ వాళ్ళది. మేం సంప్ తగ్గించకుండా ఉండాల్సింది, మెయిల్ ప్రింట్ తీసుకోవడం కాదు చెయ్యాల్సింది. అది నాకు పదేళ్ళకి తెలిసింది. హోండా తేడా ఏంటంటే, టోరో రోసో దగ్గర ఎవరూ అరవలేదు. ఇంజిన్ కి ఎంత చోటు కావాలో అడిగి మరీ ఇచ్చారు. హెచ్ షాఫ్ట్ వైబ్రేషన్ కి వాళ్ళ సొంత హోండాజెట్ విమానాల విభాగం వాళ్ళని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. 2019 జూన్ 30, ఆస్ట్రియా. రెడ్ బుల్ హోండా, వెర్‌స్టాపెన్, గెలుపు. 2006 హంగరీలో బటన్ గెలిచాక హోండాకి అదే మొదటి గెలుపు. పోడియం మీద వెర్‌స్టాపెన్ తన గుండెల మీద హోండా బ్యాడ్జి పట్టుకుని వేలితో చూపించాడు, పక్కన హోండా టెక్నికల్ డైరెక్టర్ తనబే గారు ఉన్నారు. సుజుకాలో ఎవడు దాటేస్తే ఆ అరుపు వచ్చిందో ఆ కుర్రాడే ఇతను. 2021 లో చాంపియన్ కూడా అయ్యాడు.

రాన్ డెనిస్ లెక్క గుర్తుంచుకోమన్నాను కదా, కస్టమర్ ఇంజిన్ తో చాంపియన్ కాలేం అని. 2024 లో మెక్‌లారెన్ టీం చాంపియన్ అయింది, 1998 తర్వాత మళ్ళీ. ఏ ఇంజిన్? మెర్సిడెస్, డబ్బులిచ్చి కొనుక్కున్నది. అదే ఇంజిన్ ఉన్న మెర్సిడెస్ టీముని వెనకేసి మరీ.

ఇక ఆలొన్సో. 2023 మేలో ప్రకటన వచ్చింది, 2026 నుంచి ఆస్టన్ మార్టిన్ కి హోండా ఇంజిన్ అని. అక్కడ డ్రైవర్ ఎవరు? మరుసటేడు కాంట్రాక్టు పొడిగించుకుని సంతకం పెట్టింది ఎవరు? ఆలొన్సోనే! ఏ ఇంట్లో పప్పుకి వంక పెట్టాడో ఆ ఇంటికే అల్లుడై వెళ్ళాడు. ఆ వార్త రాగానే మా వాళ్ళిద్దరికీ ఫోన్ చేశాను. కర్నూలు వాడు ఇప్పుడు డల్లాస్ లో ఉన్నాడు, హోండా అకార్డ్ నడుపుతున్నాడు, ఈ విషయం మనలో మనకే ఉండనివ్వండి. విజయవాడ వాడు మాత్రం నాన్న స్ప్లెండర్ ఇంకా అమ్మలేదు.

సరే, టైమ్ అయిపోయిందంటున్నారు. ఒక్కటి చూపించి దిగిపోతా. తమ్ముడూ, ఆ సుజుకా ఆన్‌బోర్డ్ క్లిప్ ఉంది కదా, లైట్లు ఆపేసి వెయ్యి. మీరంతా రేడియో వినకండి, అది వంద సార్లు విన్నారు. ఇంజిన్ వినండి. గేరు మారుతూ సౌండు పైకి పోతూ ఉంటుంది, పోతూ ఉంటుంది, ఒకచోట పైకి పోవడం ఆగి అక్కడే నిలబడిపోతుంది. కారు ఇంకా స్ట్రెయిట్ మీదే ఉంటుంది. 160 గుర్రాలు దిగిపోయింది అక్కడే. అక్కడ నుంచి బ్రేకు దాకా ఎన్ని సెకన్లో మనసులో లెక్కపెట్టుకోండి. లైట్ ఆపు… ఆ వెనక ట్యూబ్‌లైట్ కూడా.